దగ్గుల ఇల్లు

అతనేదో చెప్పబోయాడు. మంచి మాటే అయ్యుంటుంది, ఎందుకంటే చెప్పేముందు ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, చిటికెన వేలు మొదలుకుని ఒక్కో వేలూ మెల్లగా నొక్కుతూ వచ్చాడు. ఉంగరం వేలి దగ్గరకొచ్చేసరికి, చలికి మొరాయించిన లారీ స్టార్టయినట్టు తలుపవతల ఒక దగ్గు వినిపించింది. అతను చటుక్కున చెయ్యి వదిలేసి, లేచి నిలబడి, మంచం మీది దుప్పటి లాగి మడతపెట్టడం మొదలుపెట్టాడు.

తలుపు తెరుచుకుంది. భుజం మీద తువ్వాలుతో మామగారు, చూపు నేల మీంచి ఎత్తకుండా, గది ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచి, రెండో తలుపులోంచి స్నానానికి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ, “కూర్చోండి, కూర్చోండి,” అన్నారు, నిలబడ్డది సొంత కొడుకొక్కడే అయినా.

“ఏదో చెప్పబోయావు?” అందామె.

“ఏం చెప్పబోయాను?” అతను నిజంగానే ఆలోచించాడు. గుర్తు రాలేదు. చేతిలో దుప్పటి మాత్రం నాలుగు మూలలూ కలిసి, కొట్లో అరలోంచి తీసినట్టు ఉంది. పెళ్ళయినప్పట్నుంచీ వాళ్ళ దుప్పట్లు అంత చక్కగానే ఉంటున్నాయి.

ఆ ఇంటికి నడవా లేదు. కట్టినవాళ్ళు గదులు కట్టారు, తలుపులు పెట్టారు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతారులే అనుకున్నారు. ముందు హాలు, దాని వెనక నడిమి గది, దాని వెనక వరండా, వరండాలో వంటిల్లూ స్నానాలగదీ. ఎవరికి దాహమేసినా, ఎవరికి స్నానం గుర్తొచ్చినా నడిమి గదిలోంచే వెళ్ళాలి. ఇంట్లోకెల్లా పెద్దది, చల్లనిది అని ఆ నడిమి గదిని కొత్త దంపతులకిచ్చారు. ప్రేమతోనే ఇచ్చారు. ఆ మాటకొస్తే రైల్వే ప్లాట్‌ఫారం కూడా పెద్దదే, చల్లనిదే.

గడియలు లేవా అంటే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం వేశారు కూడా. తీసేసరికి అత్తగారు ఖాళీ గ్లాసుతో, మామగారు తువ్వాలుతో, ఆడపడుచు రంగు డబ్బాలో ముంచినట్టున్న చేతులతో, సినిమా టికెట్ల కోసం నిలబడినట్టు హాల్లో వరసగా ఉన్నారు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. అదే దారుణం. మళ్ళీ గడియ జోలికి వెళ్ళలేదు.

తలుపు తట్టడం ఆ ఇంట్లో మర్యాద కాదు. తట్టారంటే లోపలివాళ్ళు లేచి వచ్చి తెరవాలి. దగ్గితే ఎక్కడివాళ్ళక్కడ సర్దుకుంటే చాలు. కాబట్టి దగ్గుతారు. మామగారిది లారీ. అత్తగారిది పగిలిపోతుందేమోనన్నట్టు పెదాల మధ్య పెట్టి వదిలే రెండు చిన్న దగ్గులు. మేడ మీద ఉండే ఆడపడుచు దగ్గు చివర రాగం తీస్తుంది. భర్తది గొంతులో గులకరాయి దొర్లినట్టుంటుంది. ఆ దగ్గు ఆమెకు ఎంత నచ్చిందంటే, సాయంత్రం అతను ఆఫీసునుంచి వచ్చే వేళకు పని ఉన్నా లేకపోయినా తలుపు దగ్గరే తచ్చాడేది. ఆమెకే ఇంకా దగ్గు కుదరలేదు. ఓసారి అత్తగారి గది ముందు ధైర్యం చేసి ప్రయత్నిస్తే లోపల్నుంచి అత్తగారు మంచినీళ్ళతో, మామగారు మాత్రల డబ్బాతో పరిగెత్తుకొచ్చారు.

“గొంతులోంచి కాదు వదినా, మనసులోంచి రావాలి,” అంది ఆడపడుచు.

ఇంట్లో తలుపు ముందు ఎవరూ దగ్గని గది ఒకటే, మూలగది. అందులో పెద్దత్తయ్య ఉండేది, మామగారి అన్నగారి భార్య. హాల్లోంచి ఒకే తలుపు. అక్కడినుంచి ఇంకెక్కడికీ దారి లేదు కనక ఎవరూ దగ్గనవసరం లేదు. వెళ్తే ఆవిడ కోసమే వెళ్ళాలి, లేదా కత్తెర కోసం. ఇంటికంతా ఉన్న ఒక్క కత్తెరా, గోళ్ళు తీసేదీ, టార్చీ, జిగురూ, సూదీ దారమూ ఆవిడ గదిలో ఒక పాత బిస్కట్ల డబ్బాలో ఉండేవి. అవి అక్కడే ఎందుకుండాలో ఎవరూ అడగలేదు. వాడుకుని వెంటనే తెచ్చి ఇవ్వాలి, లేకపోతే ఆవిడ గుర్తుపెట్టుకుని అడుగుతుంది.

*

ఇంటికి నూరేళ్ళెప్పుడో దాటాయి. గేటు పక్కన పాత ఇళ్ళ ఆఫీసువాళ్ళు బిగించిన ఇత్తడి పలక ఉంది. దాని ప్రకారం పాత గోడ పగలగొట్టకూడదు, పాత తలుపు మూసి గోడ కట్టకూడదు, కిటికీల్లో రంగుటద్దాలు మార్చకూడదు. ఇక లోపల మనుషులు ఎలా ఉంటారన్నది మనుషుల ఇష్టం. వానకు గార రాలి అన్నంలో పడ్డాక, బాగుచేయిద్దామని అందరూ ఒప్పుకున్నారు.

ఆర్కిటెక్టు కొప్పులో పెన్సిలు గుచ్చుకుని వచ్చింది. హాల్లో కూర్చుని ఒక్కొక్కరినీ ఏం కావాలని అడిగింది. అత్తగారు వంటింట్లో ప్లగ్గులు కావాలన్నారు: ఉన్న మెషీన్లకీ, కొనబోయే మెషీన్లకీ, ఇంకా ఎవరూ కనిపెట్టని మెషీన్లకీ. ఆడపడుచు మేడ మీదికి వేడినీళ్ళు కావాలంది. మామగారు చాలాసేపు ఆలోచించి, “అంతా బాగుచెయ్యండి, ఏమీ మార్చకండి,” అన్నారు.

“మీకో?” అంది ఆర్కిటెక్టు కొత్త కోడలి వైపు తిరిగి.

ఆమె చీర అంచు వేళ్ళకు చుట్టుకుని, విప్పుకుని, “ఏం లేదండీ… ఒక నడవా ఉంటే… గాలి బాగా వస్తుందేమోనని,” అంది.

అందరూ నేలను చూశారు. ఆడపడుచు దగ్గింది, ఏ తలుపూ లేనిచోట.

పెద్దత్తయ్యను అడగలేదు. ఆవిడ అప్పుడు తన గదిలో ఉంది. ఆ సమయానికి ఎవరికీ కత్తెర పని పడలేదు.

మర్నాడు ఆర్కిటెక్టు టేపు పట్టుకుని ఇల్లంతా తిరిగి, మూలగదిలో ఏనుగంత బీరువా వెనక ఒక తలుపుందని కనిపెట్టింది. వెనక వరండాలోకే. మేస్త్రీ, అతని మనుషులూ బీరువా కింద గోనెసంచులు తోసి, ఆయాసపడుతూ, తిట్టుకుంటూ దాన్ని పక్కకు లాగారు. మేస్త్రికి ఒకటే మాట, “అయిపోయినట్టే.” బీరువా వేలెడు జరిగినప్పుడూ అదే అన్నాడు, అతని కాలి మీద పడ్డప్పుడూ అదే అన్నాడు. తుప్పుపట్టిన గడియకు నూనె పోసి, సుత్తితో రెండు తగిలిస్తే తలుపు మూలుగుతూ తెరుచుకుంది. వరండాలోంచి గాలి వచ్చి పెద్దత్తయ్య చీర కొంగును ఎగరేసింది.

“ఇదే మీ నడవా,” అంది ఆర్కిటెక్టు. “కిటికీ వైపు నిలువునా చెక్క పలకలతో ఒక సన్నని గోడ పెడతాం. హాల్లోంచి వచ్చి, కిటికీ పక్కనుంచి నడిచి, ఈ తలుపులోంచి వరండాలోకి. నడిమి గదిలోకి ఎవరూ వెళ్ళక్కర్లేదు. పలకలు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపల గీత గీస్తాం. గోడ ఉందనుకుని నడవండి. ఇబ్బందేమైనా ఉంటే ఇప్పుడే తెలుస్తుంది.”

మేస్త్రి దారానికి నీలం పొడి అద్దాడు. ఒక కొస గుమ్మం దగ్గర తను పట్టుకుని, రెండో కొస తన మనిషికిచ్చి వెనక గోడ దగ్గర నిలబెట్టి, బిగించాడు. మధ్యలో పెద్దత్తయ్య మంచం ఉంది. టేకు మంచం. దాన్ని కదిపే ఓపిక బీరువాతోనే అయిపోయింది. మేస్త్రి మంచం వైపు చూశాడు, దారం వైపు చూశాడు, దారాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి టప్‌మని వదిలాడు. నేల మీద తిన్నని నీలం గీత పడింది. మంచం దగ్గర పైకెక్కి, తెల్లటి దుప్పటి మీదుగా అడ్డంగా వెళ్ళి, అటుపక్క దిగింది.

“అయిపోయినట్టే,” అన్నాడు మేస్త్రి.

కోడలికి మాత్రం ఆ క్షణాన దుప్పటి కనిపించలేదు. నడవా కనిపించింది. ఆ సాయంత్రం నడిమి గది రెండు తలుపులకూ గడియలు వేసి, తీసి, మళ్ళీ వేసింది. ఇత్తడి గడియ కొంకిలో పడే ఆ చప్పుడు ఎంత బావుందో. భర్త చెయ్యి తనే తీసుకుని చిటికెన వేలితో మొదలుపెట్టింది. పక్క గదిలో లారీ దగ్గు వినిపించింది. అతను లేచి దుప్పటి అందుకున్నాడు.

“మనకు కాదు, అది నడవాలో,” అందామె.

“తెలుసు,” అన్నాడతను సిగ్గుపడుతూ. “చేతులకు తెలీలేదు.”

*

గోడ ఉందనుకుని నడవమంటే ఆ ఇంటివాళ్ళు నిజంగానే నడిచారు. మామగారు గీత పక్కనుంచి వెళ్ళేటప్పుడు, లేని గోడకు రాసుకుంటుందేమోనని భుజం లోపలికి ముడిచేవారు. అత్తగారు పెద్దత్తయ్యకు కాఫీ తీసుకొచ్చి, గీతలో తలుపు కోసం చెరిపి ఉంచిన ఖాళీ దగ్గర ఆగి, రెండు చేతుల్లోనూ వస్తువులున్నాయి కనక నోటితోనే, “టక్ టక్,” అనేవారు. ఎవరి దగ్గు వాళ్ళు దగ్గుతూనే ఉన్నారు, ఎందుకో ఎవరూ చెప్పలేరు. ఒకరోజు ఆడపడుచు ఏమరుపాటున గీత దాటి నడిచిందని మామగారు వెనక్కి పిలిచి మళ్ళీ నడిపించారు.

కానీ మంచం మంచమే. గీతకు ఇవతల తలా నడుమూ, అవతల పాదాలు. గది పెద్దత్తయ్యదే, పాదాలు మాత్రం నడవాలో ఉన్నాయి. మంచానికీ కిటికీకీ మధ్య సందులోంచి వెళ్ళేవాళ్ళు ఆ పాదాలతో మాట్లాడుతూ వెళ్ళేవారు.

“కాస్త దారివ్వండి వదినా,” అనేవారు మామగారు కాళ్ళవైపు చూసి. గోడ అవతలి మొహాన్ని చూడటం సభ్యత కాదు కదా.

“స్నానానికేనా? నీళ్ళు కాగాయో లేదో చూసుకున్నావా? మోకాలెలా ఉంది?” అని గోడ అవతల్నుంచి మొహం అడిగేది.

మామగారు ఆగేవారు. మోకాలి గురించి చెప్పేవారు. మోకాలి మీదనుంచి డాక్టరు మీదికి, డాక్టరు మీదనుంచి ఆయన బావమరిది మీదికి మాట వెళ్ళేది. తువ్వాలు ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మారేది. నీళ్ళు చల్లారేవి.

రెండో రోజు మధ్యాహ్నం కోడలు కత్తెర కోసం వెళ్ళింది. గాలి కోసం కొత్త కర్టెన్లు కుడుతోంది, నడిమి గదికి. పెద్దత్తయ్య కునుకు తీస్తోంది. కిటికీ రంగుటద్దాల్లోంచి ఎండ వచ్చి, ఎరుపూ పసుపూ ముక్కలుగా సరిగ్గా ఆవిడ పాదాల మీద పడుతోంది. నీలం గీత దగ్గరకొచ్చి ఆగిపోతోంది.

కత్తెర చేతిలో పట్టుకుని కోడలు అక్కడే నిలబడిపోయింది. పలకలు వచ్చాక ఈ కిటికీ గోడకు అవతల ఉంటుంది. ఎండా అవతలే. ఇవతల ఒక మంచం, ఒక బీరువా, ఒక బల్బు. మేస్త్రి దుప్పటి మీద దారం కొట్టినప్పుడు ఆవిడ ఏమంది? ఏమీ అనలేదు. ఎవరైనా అడిగారా? ఎంత గుర్తుచేసుకున్నా, అడిగిన గొంతు ఒక్కటీ గుర్తు రాలేదు. తన గొంతు మాత్రం బాగా గుర్తొచ్చింది: గాలి బాగా వస్తుందేమోనని.

సాయంత్రం భర్తతో చెప్పింది. గడియ వేసుంది కనక గట్టిగానే చెప్పింది.

“పెద్దమ్మ ఏమీ అనుకోదు,” అన్నాడతను.

“అనుకోవడం వేరు, అనడం వేరు. ఆవిడ అనదు. నువ్వు మీ పెద్దమ్మతో కత్తెర గురించి కాకుండా ఎప్పుడు మాట్లాడావు?”

అతను నోరు తెరిచి, కాసేపు అలాగే ఉంచి, “టార్చి గురించి,” అన్నాడు.

మరుసటి ఉదయానికి పెద్దత్తయ్య మంచం జరిగింది. రాత్రికి రాత్రి కిటికీ వైపు జానెడు ముందుకొచ్చింది. ఆ వయసులో అంత టేకు మంచాన్ని ఒక్కతే ఎలా తోసిందో. నేల మీది నీలం గీత ఇప్పుడు మోకాళ్ళ కిందికొచ్చింది. నీలం అంటిన దుప్పటి ఉతకడానికి ఇమ్మంటే ఇవ్వలేదు. సందు సన్నబడి, వెళ్ళేవాళ్ళు పక్కకు తిరిగి, కడుపు లోపలికి లాక్కుని, ఆవిడ కాళ్ళు ముడుచుకునేదాకా ఆగాల్సి వస్తోంది. ఆవిడ తీరిగ్గా ముడుచుకుంటోంది.

ఇది నిరసన, అనుకుంది కోడలు. నోరులేని మనిషి మంచంతో చేస్తున్న నిరసన. కాలేజీలో ఇలాంటి వాటి గురించి వ్యాసాలు రాసి బహుమతులు కూడా తెచ్చుకున్న మనిషి ఆమె. అప్పుడెప్పుడూ నేరం చేసినవాళ్ళలో తను లేదు.

*

పలకలు వచ్చి హాల్లో గోడకు ఆనుకుని నిలబడ్డాయి. కొత్త చెక్క వాసన ఇల్లంతా నిండింది. మేస్త్రి రసమట్టం తుడుచుకుంటున్నాడు. ఆర్కిటెక్టు మూలగదిలో గీతకు ఇవతల నిలబడి, పెన్సిలు కొప్పులోంచి తీసింది. టీ గ్లాసులతో ఇంటిల్లిపాదీ చేరారు; గీతకు అటు కొందరు, ఇటు కొందరు. పెద్దత్తయ్య మంచం మీద, రెండువైపులా.

“మావయ్యగారూ,” అంది కోడలు. గొంతు ఎండిపోయి ఒక చిన్న దగ్గు వచ్చింది. అందరూ తలుపు వైపు చూశారు. ఎవరూ రాకపోయేసరికి ఆమె వైపు తిరిగారు. “గోడ వద్దండీ.”

“ఏ గోడ?” అన్నారాయన. ఆయన లెక్కలో గోడ ఎప్పుడో కట్టేశారు.

“ఈ గోడే. ఇది కడితే పెద్దత్తయ్యగారికి కిటికీ ఉండదు. ఎండ రాదు. ఆవిడ గది సగమైపోతుంది. అదంతా మా కోసం. నాకు… నడవా వద్దు. దగ్గులే బావున్నాయి. అలవాటైపోయాయి.” అబద్ధం చెప్పేటప్పుడు ఆమె ముక్కు ఎర్రబడుతుంది. ఎర్రబడింది. “అసలు ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పాపం ఆవిడ నిన్నంతా మంచం అడ్డం పెట్టి మరీ చెప్తుంటే మనం కాళ్ళు తియ్యమంటున్నాం.”

అత్తగారు గ్లాసు కిందపెట్టి, కొంగుతో కళ్ళొత్తుకుని, “అవును అక్కయ్యా, నాకైనా తోచలేదు,” అన్నారు. మామగారు నేల మీది గీతను కాలి బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టారు. భర్త, మడతపెట్టడానికి ఏమీ దొరక్క, తండ్రి భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టాడు.

“రుద్దకయ్యా,” అంది పెద్దత్తయ్య మరిదితో. “గీత ఎందుకు చెరుపుతావు?”

“గోడ వద్దంటున్నారు కదా వదినా.”

“గోడ వద్దనే నేనూ అంటున్నాను. గోడ కడితే మీరెవరూ కనపడరు. గీత ఉండనీ. గీత బావుంది.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ కాళ్ళు ముడుచుకుని, దుప్పటి మీది నీలాన్ని అరచేత్తో సర్ది, వివరంగా చెప్పింది.

“పొద్దున నువ్వు స్నానానికి పోతావు, అది కాఫీకి పోతుంది, పిల్ల కాలేజీకని హడావుడిగా పోతుంది, మళ్ళీ ఏదో మర్చిపోయానని వస్తుంది. అందరూ ఇటే. మీ డాక్టరు బావమరిది సంగతి నాకిన్నాళ్ళూ ఎవరైనా చెప్పారా? మొదట్లో సందు వెడల్పుగా ఉండి, ఆగకుండా పోతున్నారు. అందుకని మంచం కాస్త జరిపాను.”

కోడలికి చెవులు వేడెక్కాయి. “నిరసన కాదా అండీ?”

“అదేమిటి?”

“ఏం లేదండీ.”

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం వదినా?” అన్నారు మామగారు.

“ఎవరితో చెప్పను? ఎవరైనా వస్తే కదా. వచ్చినవాళ్ళకు కత్తెర కావాలి.”

మామగారు మెడ వెనక గోక్కున్నారు. ఆడపడుచు చేతిలో ఆ పూట తీసుకున్న కత్తెర ఉంది. దాన్ని మెల్లగా వెనక్కి దాచుకుంది.

“నన్నడిగితే,” అంది పెద్దత్తయ్య, ఎవరూ అడగకముందే, అయితే ఈసారి అందరూ వింటున్నారు, “ఆ నడిమి గది నాకిచ్చెయ్యండి. పిల్లలిద్దరూ ఇక్కడుంటారు. బీరువా మళ్ళీ ఆ తలుపుకు అడ్డం పెట్టేస్తే ఇటు ఎవరూ రారు. వాళ్ళకు కావలసింది అదేగా.”

కొత్త దంపతులు చెరో వైపు చూశారు.

“నడిమి గదిలో నిద్రెలా పడుతుంది వదినా? తెల్లారకముందే నేను, ఆ తర్వాత ఇది, ఎవరో ఒకరు తొక్కుకుంటూ…”

“నిద్రదేముందయ్యా, ఇన్నేళ్ళూ చేసింది అదేగా.”

“కిటికీ పోతుంది కదండీ,” అంది కోడలు. సంతోషం గొంతుదాకా వచ్చేసింది, కానీ సంతోషించే హక్కు ఇంకా తేలలేదు. “రంగుటద్దాలు, ఎండ…”

“ఎండ వస్తుందమ్మా, పోతుంది. పలకరించదు.”

కోడలు చేతులు ఏం చెయ్యాలో తెలీక గాజులు సర్దుకుంది. నిన్నంతా కూడగట్టుకున్న త్యాగం పట్టుకుని వచ్చింది. తీరా చూస్తే దాన్ని పెట్టడానికి ఎక్కడా చోటు లేదు. ఆవిడ తన వైపే చూస్తోంది, గీత మీదుగా నేరుగా మొహంలోకి. ఆ కళ్ళల్లో కొంటెతనం ఎన్నాళ్ళనుంచి ఉందో. కత్తెర తీసుకుని గబగబా వెళ్ళిపోయే తొందరలో తనెప్పుడూ అంత పైకి చూడలేదు.

ఆర్కిటెక్టు చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఇన్ని రోజులూ గీసిన నడవా అది. చివరికి పెన్సిలు కొప్పులో గుచ్చుకుని, “గోడ లేకపోతే ఇంకా మంచిదే, పాత ఇళ్ళ ఆఫీసువాళ్ళు సంతోషిస్తారు,” అంది, కొంచెం బాధగా. అత్తగారు అప్పటికే హాల్లో పలకల మీద చెయ్యి వేసి, వంటింట్లో అరలకు ఎన్నొస్తాయో మేస్త్రిని అడుగుతున్నారు. మామగారికి అన్నిటికంటే ఆనందంగా ఉంది. అంతా బాగుపడింది, ఏమీ మారలేదు.

“అయితే నా పని?” అన్నాడు మేస్త్రి.

“అయిపోయినట్టే,” అంది ఆడపడుచు.

*

సామాన్లు మార్చడానికి ఒక పూట పట్టింది. గార ఊడినచోట కొత్త సున్నం వేసి, వైర్లు గోడలోకి తోసి, ప్లగ్గులు బిగించి, నడిమి గదిలో మంచం ఎక్కడ వెయ్యాలో పెద్దత్తయ్యను అడిగారు. అందరూ అడిగారు, ఒకరి తర్వాత ఒకరు, అడగడం కొత్తగా నేర్చుకున్నట్టు. ఆవిడ ప్రతిసారీ నింపాదిగా అదే సమాధానం చెప్పింది: రెండు తలుపులకూ సరిగ్గా మధ్యన, తోవలోనే.

సాయంత్రం కోడలు మంచినీళ్ళ కోసం వెళ్తూ నడిమి గది తలుపు ముందు ఆగింది. ఇంతకాలం ఆ తలుపుకు అవతల ఉండి దగ్గులు విన్నదే కానీ ఇవతల నిలబడి దగ్గింది లేదు. ఊపిరి పీల్చుకుంది. మంచినీళ్ళూ మాత్రలూ గుర్తొచ్చాయి. అయినా దగ్గింది. పిచ్చుక తుమ్మినట్టు వచ్చింది.

“ఎవరదీ? ఇది కొత్తగా ఉందే,” అంది లోపల్నుంచి గొంతు. “నువ్వేనా అమ్మాయ్? రా, రా. బావుంది నీ దగ్గు. ఇక మార్చకు.”

లోపల మామగారు తువ్వాలుతో మంచం కోడు దగ్గర కూర్చుని ఉన్నారు. ఎప్పుడు వచ్చారో, స్నానం ముందో తర్వాతో తెలీదు. పెద్దత్తయ్య దిండు పక్కనుంచి బిస్కట్ల డబ్బా తీసి కోడలి చేతిలో పెట్టింది.

“ఇది ఇక నాకెందుకు? నీ గదిలో పెట్టుకో.”

“కత్తెర డబ్బానా? ఇక్కడే ఉంటే అందరికీ వీలుగా ఉంటుంది కదండీ.”

“వీలుగా ఉండటానికి కాదమ్మా అది,” అంది ఆవిడ, మరిదికి వినపడకుండా, వినపడినా అర్థం కాకుండా. “అది చివరి గది. ఎవరూ రారు. ఇప్పుడు నీకదే కావాలి. ఎప్పుడైనా మనుషులు కావాలనిపిస్తే ఇది పనికొస్తుంది. ఇచ్చేటప్పుడు మాత్రం గట్టిగా చెప్పాలి, వెంటనే తెచ్చియ్యమని. అప్పుడు రెండుసార్లు వస్తారు.”

కోడలు మంచినీళ్ళ సంగతి మర్చిపోయి డబ్బాతో వెనక్కి వచ్చింది. మూలగదిలో చివరి ఎండ రంగుటద్దాల్లోంచి వచ్చి నేలంతా ఎరుపూ పసుపూ ముక్కలు పరిచింది. నీలం గీత ఇంకా అక్కడే ఉంది. తుడవడానికి ఆమెకు మనసు రాలేదు. తలుపు మూసి గడియ వేసింది. ఆ గడియ చప్పుడు ఇంకా బావుంది.

భర్త మంచం మీద కూర్చుని చెయ్యి చాచాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు. నడిమి గదిలో రెండు చిన్న దగ్గులు వినిపించాయి. అతను లేచి దుప్పటి అందుకోబోయాడు.

“నువ్వు కూర్చో,” అందామె.

కూర్చున్నాడు. పక్క గదిలో ఎవరో ఏదో అడిగారు, ఎవరో పెద్దగా నవ్వారు, లారీ ఒకటి ఉత్తపుణ్యానికి స్టార్టయింది.

“ఆ రోజు చెప్పబోయింది గుర్తొచ్చింది,” అన్నాడతను.

“ఉండు, ఒక్క నిమిషం. ఇది పెట్టి వస్తాను.”

గోడలోని పాత అలమర తెరిచి డబ్బా ఎక్కడ పెట్టాలా అని చూసింది. కింది అరలో పెడితే తలుపు తియ్యగానే కనిపిస్తుంది. పై అరలో చివరికంటా తోసేస్తే మళ్ళీ స్టూలు వేసుకోవాలి. కాసేపు అటూ ఇటూ మార్చి, చివరికి మధ్య అరలో, చీరల వెనక పెట్టింది. కనపడదు, కానీ చెయ్యి అందుతుంది.